అక్షరం రాని ఆటగాడు జో జాక్సన్

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక గొప్పవారి జీవితం వేయడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మన విద్యార్థులు చాలా చక్కగా రాస్తూ వచ్చారు. ఈసారి పూర్వ విద్యార్థులమైన మమ్మల్ని కూడా ఏదైనా రాయమన్నారు. మేము ఎంచుకున్న మనిషి మాత్రం ఆదర్శపురుషుడు కాడు. డబ్బు తీసుకుని ఆట అమ్ముకున్నాడన్న నింద మోసినవాడు. ఆ నింద పూర్తిగా అబద్ధమూ కాదు. అమెరికా దేశస్థుడు. చనిపోయి డెబ్బయి ఏళ్ళు దాటింది. ఆయన ఆడిన బేస్‌బాల్ గుర్రంకొండలో ఎవరూ ఆడగా మేము చూడలేదు. అయినా ఆయన జీవితం తెలుసుకుంటున్నంతసేపూ మాకు మన హాస్టల్, మన ఊర్లు, మన నాయనలు వేలిముద్ర వేసిన కాగితాలే కళ్ళముందు మెదిలాయి. అందుకే రాస్తున్నాము.

జో జాక్సన్ 1887 జూలై 16న అమెరికా దక్షిణ ప్రాంతంలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. కొన్ని పుస్తకాల్లో 1888 అనీ, 1889 అనీ ఉంటుంది. చదువులేని ఇళ్ళలో పుట్టిన తేదీల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనలో సగం మంది పుట్టినరోజు బడిలో చేర్చుకున్న నాడు అయ్యవారు వేసిన జూన్ నెల తేదీయే కదా. జో తండ్రి జార్జి ఇతరుల పొలం కోరుకు చేసేవాడు. దానితో ఇల్లు గడవక గ్రీన్‌విల్ పట్నం పక్కనున్న బ్రాండన్ మిల్లు అనే బట్టల మిల్లుకు కుటుంబంతో వలస వచ్చాడు. ఎనిమిది మంది పిల్లల్లో జో పెద్దవాడు. ఆరేడేళ్ళ వయసుకే మిల్లులో పనికి పోయాడు. తెల్లవారకముందే లోపలికి పోతే చీకటి పడ్డాక బయటికి రావడం, ఒళ్ళంతా దూది దుమ్ము. బడి మొహం ఒక్కరోజు కూడా చూడలేదు.

టమోటా తోటల్లో కాయలు కోసి, మగ్గం గుంటల దగ్గర కండెలు చుట్టి, ఇటుకల బట్టీల దగ్గర తట్టలు మోసి ఆ తర్వాత హాస్టల్‌కు వచ్చిన వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. తేడా ఏమిటంటే మన చేయి పట్టుకుని ఎవరో ఒకరు ఇక్కడికి తెచ్చి వదిలారు. జోకు అలాంటివారు ఎవరూ దొరకలేదు.

కానీ ఆట దొరికింది. ఆ కాలంలో దక్షిణ ప్రాంతంలో ప్రతి మిల్లుకూ ఒక బేస్‌బాల్ జట్టు ఉండేది. పదమూడేళ్ళకే జో పెద్దవాళ్ళ జట్టులో ఆడాడు. శనివారం మ్యాచ్‌కు రెండున్నర డాలర్లు ఇచ్చేవారు. నల్లగా మెరిసే ఒక బరువైన బ్యాటు ఆయనకు ప్రాణం. దానికి బ్లాక్ బెట్సీ అని పేరు పెట్టుకున్నాడు. 1908లో గ్రీన్‌విల్ జట్టు నెలకు 75 డాలర్ల జీతం మీద తీసుకుంది. ఆ ఏడాదే ఒక మ్యాచ్‌లో కొత్త బూట్లు కరిచి కాళ్ళు బొబ్బలెక్కితే బూట్లు విప్పేసి మేజోళ్ళతోనే ఆడాడు. బంతిని దూరంగా కొట్టి పరిగెడుతుంటే ప్రేక్షకుల్లో ఒకడు బూట్లు లేనివాడని అరిచాడట. అంతే, షూలెస్ జో అన్న పేరు చచ్చేదాకా వదలలేదు. అలా ఆడింది ఆ ఒక్కసారే. తనను చెప్పులు కూడా లేని పల్లెటూరి మొద్దు అనుకుంటారని ఆ పేరంటే ఆయనకు గిట్టేది కాదు. చెప్పుల్లేకుండా బడికి వచ్చిన రోజులు దాచుకున్న వాళ్ళకు ఈ బాధ తెలుస్తుంది.

అదే 1908 జూలైలో కేటీ విన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు చదవడం, రాయడం వచ్చు. అక్కడినుంచి జో ఉత్తరాలు చదివేది కేటీ, జవాబులు రాసేది కేటీ, జీతం ఒప్పందాలు చూసేది కేటీ. తన పేరు మాత్రం ఆమె రాసిచ్చినది చూసి ఒక్కొక్క గీతా దిద్దుకుంటూ గీయడం నేర్చుకున్నాడు.

ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియా పెద్ద జట్టు ఆయనను కొనుక్కుంది. పెద్ద పట్నం, ఎత్తయిన మేడలు, చదువుకున్న సహచరులు. జో యాసను, చదువు లేకపోవడాన్ని ఎగతాళి చేశారు. హోటల్లో తినేవాటి పట్టిక చదవలేక పక్కవాడు ఏది తెమ్మంటే తనకూ అదే తెమ్మనేవాడని ప్రసిద్ధి. అక్కడ ఉండలేక రైలెక్కి ఇంటికి వచ్చేశాడు. హాస్టల్‌లో చేరిన మొదటి వారంలో గోడ దూకి ఊరికి పోయే బస్సు ఎక్కిన మిత్రులు ఈ ముక్క దగ్గర నవ్వుకుంటారని మాకు తెలుసు. జట్టు మేనేజరు కోనీ మ్యాక్ మంచివాడు. మనిషిని పెట్టి చదువు చెప్పిస్తానన్నాడనీ, జో ఒప్పుకోలేదనీ చెబుతారు. బ్యాటు పట్టుకోవడానికి అక్షరాలెందుకని అనుకుని ఉంటాడు. ఈ చరిత్ర మొత్తంలో మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ కాదనడమే. రెండేళ్ళలో పది మ్యాచ్‌లు మాత్రమే ఆడించి 1910లో ఆయనను క్లీవ్‌లాండ్ జట్టుకు ఇచ్చేశారు.

క్లీవ్‌లాండ్‌లో జో విజృంభించాడు. బేస్‌బాల్ సగటు మన క్రికెట్ సగటు లాంటిది కాదు. వెయ్యి ప్రయత్నాల్లో ఎన్నిసార్లు బంతిని సరిగా కొట్టి మొదటి మెట్టు చేరాడన్నది లెక్క. మూడు వందలు దాటితే గొప్ప ఆటగాడు అంటారు. 1911లో, పెద్ద జట్లలో తన మొదటి పూర్తి సంవత్సరంలోనే, జో 408 సాధించాడు. జీవితం మొత్తం మీద 356. ఆ ఆట చరిత్రలోనే అతి కొద్దిమందికి దక్కిన లెక్క అది. తర్వాతి కాలంలో జగత్ప్రసిద్ధుడైన బేబ్ రూత్ బ్యాటు తిప్పడం జోను చూసే నేర్చుకున్నానని చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. జో పేదవాడే గాని తెల్లవాడు. నల్లజాతి వారిని ఆ పెద్ద జట్లలోకి అసలు అడుగు పెట్టనిచ్చేవారు కారు. 1947లో జాకీ రాబిన్‌సన్ వచ్చేదాకా అదే కథ. ఆ నిషేధానికి నేరం అక్కరలేదు, పుట్టుక చాలు. మన దేశంలో కూడా జో 408 కొట్టిన ఆ 1911లోనే పల్వంకర్ బాలూ అనే దళిత బౌలర్ ఇంగ్లండు వెళ్ళి వందకు పైగా వికెట్లు తీసి వచ్చాడు. తన జట్టుకు కెప్టెన్ మాత్రం కాలేకపోయాడు. ఆయన జీవితం వచ్చే సంచికకు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

1915లో చికాగో వైట్ సాక్స్ యజమాని చార్లెస్ కామిస్కీ 31,500 డాలర్లు, ముగ్గురు ఆటగాళ్ళను ఇచ్చి జోను తెచ్చుకున్నాడు. 1917లో ఆ జట్టు దేశ విజేత అయింది. మైదానాలు నిండేవి. ఆటగాళ్ళకు మాత్రం ఇచ్చింది పుచ్చుకోవడం తప్ప దారి లేదు. ఒక జట్టుతో ఒప్పందం అయితే యజమాని వదిలేదాకా వేరే జట్టుకు పోయే హక్కు లేదు. ఆటగాడిని పశువుల సంతలో ఎద్దులా అమ్మవచ్చు, కొనవచ్చు. 1919లో జో జీతం ఏడాదికి 6,000 డాలర్లు. అది కూలివాడి లెక్కలో చాలా పెద్ద మొత్తమే. ఆయన ఆటకు తగిన మొత్తం కాదు.

1919 అంటే మన మదనపల్లె వాళ్ళకు వెంటనే రవీంద్రనాథ్ ఠాగూరు గుర్తుకొస్తారు. థియోసాఫికల్ కళాశాలలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఏడాది మొదట్లోనే. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో చికాగో, సిన్సినాటి జట్లకు దేశ విజేత ఎవరో తేల్చే పోటీలు జరిగాయి. తొమ్మిది మ్యాచ్‌లు. ముందు అయిదు గెలిచినవాడు విజేత. చికాగో గెలుస్తుందని అందరూ అనుకుంటుండగా సిన్సినాటి మీద ఎక్కడెక్కడి జూదగాళ్ళో పందేలు కాయడం మొదలుపెట్టారు. చికాగో ఆటగాళ్ళలో కొందరు ఓడిపోవడానికి డబ్బు మాట్లాడుకున్నారు. దీని వెనక న్యూయార్కు జూదగాడు ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ ఉన్నాడని అందరూ అన్నారు. ఆయన మీద నేరం ఎన్నడూ రుజువు కాలేదు. ప్రధాన పిచర్ సికాట్ (పిచర్ అంటే మన బౌలర్ వంటివాడు) మొదటి మ్యాచ్‌లో మొదటి ఆటగాడినే బంతితో కొట్టాడు. బేరం కుదిరిందని జూదగాళ్ళకు అది గుర్తు. అయిదు మ్యాచ్‌లకు మూడు తేడాతో చికాగో ఓడిపోయింది.

మరి జో ఏం చేశాడు? ఇరవై వేల డాలర్లు ఇస్తామన్నారు. చేతికి అందింది అయిదు వేలు. సహచరుడు విలియమ్స్ ఒక కవరులో పెట్టి హోటల్ గదికి తెచ్చి ఇచ్చాడు. జో తీసుకున్నాడు. ఆయనను అభిమానించే వాళ్ళు ఈ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. మేము తగ్గించము. అయిదు వేలంటే ఆయనకు దాదాపు ఏడాది జీతం. చదువు రాకపోయినా అది ఎందుకిచ్చిన డబ్బో తెలియకపోదు. సికాట్‌కు చదువు వచ్చు, ఆయనా తీసుకున్నాడు. కాబట్టి డబ్బు తీసుకోవడానికి, చదువు లేకపోవడానికి ముడి పెట్టడం మాకు ఇష్టం లేదు.

కానీ మైదానంలో ఆట అమ్ముకున్నాడా అన్నది నూరేళ్ళు దాటినా తేలలేదు. ఆ ఎనిమిది మ్యాచ్‌లలో ఆయన సగటు 375. పన్నెండు సార్లు బంతిని కొట్టాడు, అది అప్పటికి రికార్డు. మొత్తం పోటీల్లో ఏకైక హోమ్ రన్ (మన సిక్సరు వంటిది) ఆయనదే. ఫీల్డింగ్‌లో ఒక్క తప్పు లేదు. ఈ లెక్కలు చూపించి నిర్దోషి అంటారు. అయితే ఇంకో లెక్క కూడా ఉంది. జట్టుకు ఆయన కొట్టి తెచ్చిన పరుగులు ఆరు. ఆ ఆరూ చివరి మూడు మ్యాచ్‌లలోనే వచ్చాయి. మొదటి అయిదు మ్యాచ్‌లలో ఒక్కటీ లేదు. ఎవరికి ఏ లెక్క కావాలంటే ఆ లెక్క దొరుకుతుంది. ఆటలో డబ్బు చొరబడితే వచ్చే చిక్కు ఇదే. ఆ తర్వాత నిజంగా ఓడినా ఎవరూ నమ్మరు, నిజంగా గెలిచినా నమ్మరు.

మా సొంత సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మేము హాస్టల్‌లో ఉన్నప్పుడు మధ్యాహ్నం పెట్టే కోడిగుడ్డు మీద పందేలు కాసేవాళ్ళము. ఒకసారి పక్క మండలం హాస్టల్‌తో మ్యాచ్ జరిగింది. చివరి ఓవరు వేసిన మావాడు వరసగా లెగ్ సైడు తేలిక బంతులు వేశాడు. అవతలివాళ్ళ మీద గుడ్లు కాసినవాళ్ళు మాలోనే ఉన్నారని రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. మూడు గుడ్లు. పేరు రాయడం లేదు, ఇది చదివి తనే నవ్వుకుంటాడు. కానీ ఆ ఏడాది అంతా అతను వేసిన ప్రతి వైడు బంతికీ మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. మంచి బౌలరు. తర్వాత ఆడటమే మానేశాడు.

ఇక కాగితాల సంగతి. 1920 ఫిబ్రవరిలో చికాగో క్లబ్ కార్యదర్శి హ్యారీ గ్రాబినర్ జో ఇంటికి వచ్చాడు. మూడేళ్ళకు, ఏడాదికి 8,000 డాలర్ల ఒప్పందం. పది రోజుల నోటీసుతో ఎప్పుడైనా తీసివేయవచ్చన్న షరతు అందులో ఉండకూడదన్నది జో పట్టుదల. ఆ షరతు లేదని చెప్పి ఇంటి బయటే సంతకం పెట్టించుకున్నారని, కేటీకి చూపించే వీలు లేకపోయిందని జో తర్వాత కోర్టులో చెప్పాడు. షరతు ఉంది. క్లబ్‌వాళ్ళ వాదన వేరు. కానీ చదవగలిగిన మనిషికి ఈ తగాదా వచ్చే అవకాశమే లేదు కదా.

1920లో జో సగటు 382. ఆ సెప్టెంబరులోనే గుట్టు బయటపడింది. 28వ తేదీన చికాగోలో గ్రాండ్ జ్యూరీ ముందు, అంటే కేసు పెట్టవచ్చో లేదో తేల్చే పౌరుల బృందం ముందు, జో నిలబడ్డాడు. వెళ్ళేముందు ఆయనకు సలహా ఇచ్చింది క్లబ్ యజమాని వకీలు. జో తరఫున ఎవరూ లేరు. తాను చెప్పే మాటలను తన మీదే వాడుకోవచ్చని ఒప్పుకునే కాగితం మీద కూడా సంతకం పెట్టాడు. అయిదు వేలు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. మైదానంలో మాత్రం గెలవడానికే ఆడానని చెప్పాడు. కోర్టు మెట్ల మీద ఒక చిన్నపిల్లవాడు ఎదురొచ్చి ఇది నిజం కాదని చెప్పమని ఏడ్చాడని పత్రికలు రాశాయి. అమెరికాలో అందరికీ తెలిసిన కథ అది. అలాంటిదేమీ జరగలేదని జో చివరిదాకా చెప్పాడు.

1921 వేసవిలో విచారణ జరిగింది. ఆటగాళ్ళు ఒప్పుకున్న కాగితాలు కోర్టులో మాయమయ్యాయి. ఆగస్టు 2న జ్యూరీ వాళ్ళను నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఆ రాత్రి వాళ్ళు పండగ చేసుకున్నారు. మరుసటి రోజే బేస్‌బాల్ కమిషనరు కెనెసా లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం ఆటనుంచి వెలివేశాడు. కోర్టు తీర్పుతో తనకు పని లేదన్నాడు. ఆయన స్వయంగా ఫెడరల్ జడ్జి కావడం విచిత్రం. ఆ ఎనిమిది మందిలో బక్ వీవర్ పైసా ముట్టలేదు. కుట్ర సంగతి తెలిసి చెప్పలేదన్నదే ఆయన నేరం. ఆయనకూ అదే శిక్ష. యజమాని కామిస్కీకి గాని, డబ్బు పెట్టిన పెద్ద జూదగాళ్ళకు గాని అంత శిక్ష పడలేదు.

జీవితకాల నిషేధం అన్న మాట మన తెలుగునాట అందరి నోళ్ళలో పడింది 2000లో. దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోన్యే బుకీల దగ్గర డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్న ఏడాది అది. మన హైదరాబాదు అజహరుద్దీన్ మీద ఆ డిసెంబరు 5న క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గర ఆగిపోయాడు. హాస్టల్ గోడ మీద అంటించిన ఆయన బొమ్మ చించాలా ఉంచాలా అని మేము రెండు జట్లుగా చీలి వాదించుకున్నాము. ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది. కోర్టు తీర్పు తెచ్చుకోవచ్చు గాని వందో టెస్టు తెచ్చుకోలేడు. అయినా ఆయనకు కోర్టుకెక్కి పన్నెండేళ్ళు పోరాడే శక్తి ఉంది.

జో కూడా కోర్టుకు పోయాడు. రావలసిన జీతం కోసం 1924లో మిల్వాకీలో క్లబ్ మీద వేసిన దావాలో జ్యూరీ ఆయన పక్షాన తీర్పు చెప్పి 16,000 డాలర్లకు పైగా ఇమ్మంది. కానీ మాయమైన పాత వాంగ్మూలం అక్కడ క్లబ్ వకీళ్ళ చేతిలో ప్రత్యక్షమైంది! 1920లో చెప్పినదానికి, ఇప్పుడు చెప్పినదానికి పొంతన లేదని, అబద్ధం చెప్పాడని జడ్జి ఆ తీర్పును కొట్టివేశాడు. అప్పుడేం చెప్పాడో తీసి చదువుకోవడానికి ఆయనకు అక్షరం రాదు. అలాగని అక్కడ నిజమే చెప్పాడనీ మేము అనలేము.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు బతికాడు. చిన్న ఊర్ల జట్లలో ఆడాడు. సవానా పట్నంలో బట్టలు శుభ్రం చేసే దుకాణం పెట్టి, కొంతమందికి పని కల్పించి బాగానే నడిపాడు. తర్వాత గ్రీన్‌విల్‌కు తిరిగొచ్చి చిన్న హోటలు, ఆ తర్వాత మద్యం దుకాణం పెట్టుకున్నాడు. మిల్లు వాడలో పిల్లలకు బ్యాటు పట్టుకోవడం నేర్పేవాడు. సొంత ఊరి జనం ఆయనను ఎన్నడూ దొంగలా చూడలేదు. 1951 డిసెంబరు 5న గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. కేటీ 1959లో పోయింది.

చనిపోయాక కూడా నిషేధం ఎత్తలేదు. పీట్ రోజ్ అనే మరో గొప్ప ఆటగాడు మేనేజరుగా ఉంటూ తన జట్టు మ్యాచ్‌ల మీదే పందేలు కాసి 1989లో ఇదే శిక్ష పొందాడు. 2024 సెప్టెంబరులో ఆయన మరణించాక, 2025 మే 13న కమిషనరు మాన్‌ఫ్రెడ్ ఒక నిర్ణయం ప్రకటించాడు. జీవితకాల నిషేధం మనిషి ప్రాణంతోపాటే ముగుస్తుందని. దానితో జో జాక్సన్ పేరు కూడా ఆ జాబితానుంచి తొలగింది, శిక్ష పడిన 104 ఏళ్ళకు. ఇంతలో ఆ ఆటే మారిపోయింది. ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందెం చట్టసమ్మతం, మ్యాచ్ మధ్యలోనే ప్రకటనలు వస్తాయి. మన దగ్గర చట్టం ఒప్పుకోకపోయినా ఐపీఎల్ రోజుల్లో ఏ టీ అంగడి దగ్గర ఏం జరుగుతుందో మన మండలంలో తెలియనివారు లేరు. మాతో చదివి మంచి ఉద్యోగం తెచ్చుకున్న ఒక మిత్రుడు సెల్‌ఫోన్ బెట్టింగులో చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బు పోగొట్టుకుని రెండేళ్ళుగా ఊరికి రావడం లేదు. ఈ సంచిక అతనికి కూడా పంపుతున్నాము.

జో నివసించిన ఇల్లు ఇప్పుడు గ్రీన్‌విల్‌లో మ్యూజియం. ఆయన పేరుతో దొరికే బంతుల మీద సంతకాల్లో చాలావరకు కేటీ చేసినవే. గీత గీత దిద్దుకుంటూ సొంత చేత్తో ఆయన పెట్టినవి చాలా తక్కువ. 1911లో ఒక ఫోటో మీద అలా గీసిన సంతకం 2021లో వేలానికి వచ్చింది. 14 లక్షల 70 వేల డాలర్లకు, అంటే అప్పటి లెక్కలో సుమారు 11 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయింది.